డెబ్బై నాలుగు కిలోల అత్తయ్య

సబ్బుల ఫ్యాక్టరీ, స్టోర్సు గది
మంగళవారం

వదినకి,

కాటా మీ షెడ్డుకి క్షేమంగా చేరిందని లారీ డ్రైవరు చెప్పాడు. "ఈ తుక్కు మోయడానికా నన్ను అంత దూరం తోలారు?" అని కూడా అన్నాడు. వాడి మాట పట్టించుకోకు.

ఫోను చెయ్యకుండా ఈ ఉత్తరాలేమిటనుకుంటావేమో. మీ ఇంటి ఫోను అమ్మ ఒళ్ళోనే ఉంటుంది, ఎవరు చేసినా స్పీకరు పెడుతుంది. మొన్న నీతో మా ఓనరు గురించి ఒక్క ముక్క అన్నానో లేదో, మీ పక్కింటావిడ "అందరూ అంతేలేమ్మా" అని నన్ను ఓదార్చింది. అందుకని ఈ కాటా గొడవ తేలేదాకా మనిద్దరికీ పోస్టుమ్యానే దిక్కు.

ఇక్కడ జరిగింది ఇది. మా ఫ్యాక్టరీలో ఆరు పాత కాటాలున్నాయి, ఆరూ తలో తూకం చెబుతాయి. వాటిని అవతల పారేసి కొత్తవి కొనమని ఒకాయన మా ఓనరు చుట్టూ తిరుగుతున్నాడు. మెడలో టై వదులు కాదు, నోట్లో మాట ఆగదు. నేను టై బాబు అని పేరు పెట్టుకున్నాను. మొన్న ఆయన వాటిలో ఒకదాన్ని, ఇప్పుడు నీకు పంపినదాన్నే, బూటుతో తన్ని "మ్యూజియంలో పెట్టుకోండి" అన్నాడు. నాకు ఒళ్ళు మండింది. "మా వదిన విప్పి బిగించిందంటే నీ కొత్త మిషనుకి పాఠాలు చెబుతుంది" అన్నాను. ఓనరు అదే అదనుగా పందెం పెట్టాడు. ఈ ఒక్క కాటా నువ్వు బాగుచేసి పంపాలి. అది సరిగ్గా తూచితే మిగతా అయిదూ నీ షెడ్డుకే వస్తాయి. తేడా వస్తే ఆరూ పాత సామాన్లవాడికి పోతాయి. "తేడా వస్తే నా స్టోర్సు తాళాలు కూడా తీసేసుకోండి" అని ఎవరూ అడక్కుండానే నేనే అనేశాను. రోషం వస్తే నా నోరు నా మాట వినదని నీకు తెలుసుగా.

ఇంకో సంగతి. పని లేని షెడ్డుని కూల్‌డ్రింకులవాడికి గోడౌనుగా ఇచ్చేస్తానని అన్నయ్య నాతో అన్నాడు. నీతో అన్నాడో లేదో తెలీదు. అనకపోతే నేను చెప్పానని అనకు.

ఇట్లు, నోరు జారిన నీ ఆడపడుచు

తాజా కలం: అమ్మ ఎలా ఉంది? బట్టలేమైనా వదులయ్యాయా? ఊరికే అడిగాను.


కాటాల షెడ్డు, బల్ల మీద చోటు లేక ఒళ్ళో పెట్టుకుని
శనివారం

అడక్కుండా పందాలు కాసే మరదలికి,

కూల్‌డ్రింకుల సంగతి నాతో అనలేదు. కానీ రోజూ పొద్దున టేపు పట్టుకుని గోడలు కొలుస్తున్నారు. ఏమిటంటే "ఊరికే, వ్యాయామం" అంటారు. మీ నాన్నగారు పోయేదాకా ఆయన చేతిలో నేర్చుకున్న పని ఇది. ఇక్కడ సోడా సీసాలు పేర్చుకోనిస్తానా నేను? నువ్వు నోరు జారితే జారావు గానీ మంచికే జారావు.

కాటా విప్పాను. పైపలక లేపేసరికి లోపల అంగుళం మందాన సబ్బు. నీళ్ళు కొడితే షెడ్డంతా నురగ, మీ అన్నయ్య జారిపడి లేచి "ఆరోగ్యానికి మంచిది, శుభ్రం" అన్నారు. ఆ సబ్బు కింద ఎలక గూడు, రెండు చెంచాలు, ఒక పైవరస పళ్ళ సెట్టు దొరికాయి. పళ్ళు ఎవరివో కనుక్కో. కడిగి పెట్టాను.

లోపలి మీటలు రాయిలా ఉన్నాయి. ఇంత మందం ఇనుము ఇప్పుడు ఎవరూ పొయ్యరు. మీటలు ఆనే కత్తి అంచులు మాత్రం అరిగి మొద్దుబారాయి, అందుకే పూటకో తూకం చెప్పింది. అంచులు మళ్ళీ సానబెట్టి, కాల్చి, నూనెలో ముంచి గట్టిపరిచాను. ఇక అంకెలు చెక్కిన దండె మీద జరిపే గుండు ఒకటి మిగిలింది. దాని కడుపులో చిల్లు, చిల్లులో సీసం ముక్కలు ఉంటాయి కదా. సీసం పెంచితే కాటా తక్కువ చూపిస్తుంది, తీస్తే ఎక్కువ చూపిస్తుంది. నీకు చెప్పేదేముంది, చిన్నప్పుడు ఆ సీసంతోనేగా నువ్వు గోళీలాడి మీ నాన్న చేత దెబ్బలు తిన్నది.

ఒకటే చిక్కు. మన ముద్ర రాళ్ళు, అంటే ప్రభుత్వం ముద్ర కొట్టిన తూనిక రాళ్ళు, ఏటా వేయించే ముద్రకని ఆఫీసుకి పంపాను. అక్కడ ముద్ర వేసే ఆయన సెలవులో ఉన్నాడు. ఎప్పుడొస్తాడని అడిగితే "వచ్చినప్పుడు" అన్నారు. రాళ్ళు లేకుండా కాటా ఎలా పరీక్షించాలో ఆలోచిస్తున్నాను.

పైగా షెడ్డులో దొంగలు పడ్డారు. మూల డబ్బాలో పెద్ద బోల్టులు తగ్గిపోతున్నాయి. మీ అన్నయ్యని అడిగితే గుమ్మడికాయల దొంగలా భుజాలు తడుముకున్నారు. అత్తయ్యని అడిగితే "ఎలకలేమో" అన్నారు. బోల్టులు తినే ఎలకలా?

అత్తయ్యకేం, బాగున్నారు. పాల ప్యాకెట్టుకని పొద్దున్నే వెళ్ళి గంటకి గానీ రావడం లేదు, అదేమంటే పాలవాడు మాటకారి అంటారు. మీ నాన్నగారి కాటా సరిగ్గా ఉందో లేదో చూడ్డానికి, ఆయన పెట్టిన అలవాటు ప్రకారం ప్రతి సోమవారం ఎక్కుతున్నారు. గోడ మీద ఆయన ఎర్ర రంగుతో రాసిన డెబ్బై నాలుగు దగ్గరే ఇప్పటికీ ఆగుతోంది, చుక్క అటూ ఇటూ లేదు. అన్నట్టు ఈ మధ్య సోమవారాలు ఆవిడ నడిస్తే గలగలమంటోంది. తాళంచెవులట. ఇంట్లో ఉన్నవి రెండు తాళాలు.

బట్టలు వదులవడం ఏమిటి? నువ్వేదో దాస్తున్నావు.

నీ వదిన


సబ్బుల ఫ్యాక్టరీ
మంగళవారం

వదినకి,

నేనేం దాస్తాను? నా కడుపులో మాట దాగుతుందా?

పళ్ళు మా గుమాస్తాగారివి. ఎనిమిదేళ్ళ కింద పోయాయట. భార్యే పారేసిందని ఇన్నాళ్ళూ ఆవిడతో సరిగా మాట్లాడలేదట. ఇవాళ సెలవు పెట్టి ఇంటికెళ్ళారు, కాళ్ళు పట్టుకోవడానికేమో.

తొందరపడు వదినా. టై బాబు ఒక కొత్త మిషను తెచ్చి "పదిహేను రోజులు వాడి చూడండి" అని వదిలి వెళ్ళాడు. దానికి ఎర్ర అంకెలున్నాయి. అంతవరకూ ఫరవాలేదు, అది మాట్లాడుతుంది. పెట్టె పెడితే "ఇరవై కిలోలు, ధన్యవాదములు, మళ్ళీ రండి" అంటుంది. గట్టిగా అంటుంది. ప్యాకింగు ఆడవాళ్ళు దానికి "మీరూ మళ్ళీ రండి" అని జవాబు చెబుతున్నారు. ఓనరు మురిసిపోతున్నాడు. మన కాటా ఇంకా ఆలస్యమైతే నా తాళాలు కూడా అదే అడిగి తీసుకునేలా ఉంది.

నీ మరదలు


కాటాల షెడ్డు
శుక్రవారం (లారీ బయట హారను కొడుతున్నాడు)

మరదలా,

కాటా ఎక్కించేశాను. ఆకుపచ్చ రంగు మీ అన్నయ్య ఎంపిక. వద్దన్నాను. పైపలక మీద పువ్వు వేస్తానన్నారు, అదొక్కటి ఆపగలిగాను.

రాళ్ళు రాలేదు. అయినా కాటాని పరీక్షించాను, ఎలాగో చెబితే నవ్వకు. మన ఇంట్లో ముద్ర లేని తూనిక రాయి ఒకటుంది కదా, పదేళ్ళుగా డెబ్బై నాలుగు కిలోల దగ్గర కదలని రాయి. అత్తయ్యని కూర్చోబెట్టాను.

ముందు కుర్చీ పెట్టి దాని బరువు తీసేశాను. తర్వాత అత్తయ్యని నాలుగు మూలలా కూర్చోబెట్టి తూచాను, నాలుగు చోట్లా ఒకటే రావాలి. పెద్ద బరువులకి ఎలా అంటావేమో, అత్తయ్యకి సరిపడా ఇసక బస్తాలు తూచి పక్కన పెట్టి, బస్తాలతో పాటు మళ్ళీ అత్తయ్యని ఎక్కించి, మళ్ళీ దింపి, అలా పెంచుకుంటూ పోయాను. ఎన్నిసార్లు ఎక్కి దిగారో పాపం. ఎప్పుడూ లేనిది చెమటలు కారిపోయాయి. "వద్దులెండి అత్తయ్యా" అంటే "నేను రాయినా, మనిషినా? రాయిని అడిగి ఎక్కిస్తావా నువ్వు?" అన్నారు. కూర్చున్న ప్రతిసారీ కుర్చీ దభీమంది. తాళంచెవుల గుత్తి తీసి పక్కన పెట్టమంటే మాత్రం కస్సుమన్నారు.

గుండులో సీసం సరిచూసి, అత్తయ్య ఎక్కితే డెబ్బై నాలుగు దగ్గర దండె నిలిచేలా బిగించాను. కాటా నిప్పు. నీ తాళాలు నీ దగ్గరే ఉంటాయి.

పళ్ళు విడిగా డబ్బాలో పెట్టాను. మీ గుమాస్తాగారిని మళ్ళీ కాటా మీద వంగొద్దని చెప్పు.

నీ వదిన


సబ్బుల ఫ్యాక్టరీ
సోమవారం

ముత్యం లాంటి మా వదినకి,

కాటా అందింది. అద్భుతం. నీ చేతిలో ఏదో ఉంది. రంగు కూడా చాలా బాగుంది. అన్నయ్యకి చెప్పు. గుండు చక్కగా జరుగుతోంది. అంతా బాగుంది. ఏ దిగులూ పెట్టుకోకు. అంతా చాలా బాగుంది.

అమ్మతో తూచావా? మంచి పని చేశావు. అమ్మతోనే ఎందుకు తూచావు? అంటే, మంచి పనే, ఊరికే అడిగాను. ఆవిడ బరువు నీకు కచ్చితంగా తెలుసు కదా? తెలుసులే. తెలీకుండా ఎందుకు తూస్తావు?

ఇక్కడ ఎండ బాగుంది.

నీ మీద పూర్తి నమ్మకమున్న నీ మరదలు


కాటాల షెడ్డు
గురువారం

మరదలికి,

పదేళ్ళలో నువ్వు నన్ను ముత్యమని ఒక్కసారీ అనలేదు. ఆడపడుచు అర్ధమొగుడంటారు, ఆ అర్ధమొగుడు ఉన్నట్టుండి పొగిడితే ఏ ఆడదానికైనా భయమేస్తుంది. ఏం చేశావు?

మీ అన్నయ్య నా ముందే గోడలు కొలవడం మొదలుపెట్టారు. కూల్‌డ్రింకులాయన ఫ్రిజ్జు ఎక్కడ పెట్టాలో చూసి వెళ్ళాడు. మీ నాన్నగారి బల్ల ఉన్న చోటే సరిపోతుందట. నేను సుత్తి పట్టుకుని ఆ బల్ల మీద కూర్చున్నాను, దిగుతానేమోనని ఆయన చూసి చూసి వెళ్ళిపోయాడు. మీ ఓనరు ఆ అయిదు కాటాలు పంపుతాడో లేదో తొందరగా తేల్చమను. ఎన్నాళ్ళు కూర్చుంటాను బల్ల మీద?

నీ వదిన


సబ్బుల ఫ్యాక్టరీ, తలుపేసుకుని (రాత్రి లారీ డ్రైవరు చేతికిస్తాను)
ఆదివారం

వదినా,

మింగలేక కక్కలేక వారం రోజులు చచ్చాను. ఇంక కక్కేస్తున్నాను. కూర్చుని చదువు, సుత్తి పక్కన పెట్టి చదువు.

పోయిన నెల నేనొచ్చినప్పుడు అమ్మ నన్ను పెరట్లోకి లాక్కెళ్ళి ఒక రహస్యం చెప్పింది. మోకాళ్ళ డాక్టరు బరువు తగ్గమన్నాడట. పాల వంకతో పొద్దున్నే నడుస్తోంది, సాయంత్రం చిరుతిళ్ళు మానేసింది, అలా నాలుగు కిలోలు తగ్గింది. "మీ వదినకి మాత్రం చెప్పకు, నా మీద ఒట్టు" అంది. ఎందుకో చెప్పలేదు. నేనూ అడగలేదు. అత్తాకోడళ్ళ మధ్య కందకు లేని దురద కత్తిపీటకెందుకు అనుకున్నాను.

తర్వాత కాటాతో పాటు నీ ఉత్తరం వచ్చింది. అమ్మని కూర్చోబెట్టి డెబ్బై నాలుగుకి బిగించానన్నావు.  అమ్మ ఇప్పుడు డెబ్బయ్యే కదా! డెబ్బైని డెబ్బై నాలుగనే కాటా ఎక్కువ చూపిస్తున్నట్టే కదా! నీకు చెబితే ఒట్టు తప్పుతుంది, చెప్పకపోతే నీ షెడ్డు పోతుంది. రెండూ జరగకుండా నేనే సరిచేశాను. గుండు చిల్లు తెరిచి, ఇంకాస్త సీసం సబ్బు కాగితంలో చుట్టి కూరాను. నాన్న కూతుర్ని, ఆ మాత్రం రాదా అనుకున్నాను.

మర్నాటి నుంచి చూడు నా పాట్లు. నూనె డ్రమ్ములు తెచ్చేవాళ్ళు గేటు దగ్గర పోట్లాట. దారిలో నూనె ఎవరు తాగారని మావాళ్ళు, మీ కాటా తాగిందని వాళ్ళు. ఇటు సబ్బు పెట్టెలు తీసుకున్న దుకాణాలవాళ్ళేమో "మీలాంటి ధర్మాత్ములు లేరు" అని ఓనరుకి ఉత్తరాలు రాస్తున్నారు. కాటా తక్కువ చూపిస్తోందిగా, దండె లేచేదాకా మావాళ్ళు పెట్టెల్లో సబ్బులు కూరుతున్నారు.

ఇంతలో గేటు కాపలాదారు సరదాగా కాటా ఎక్కాడు. తగ్గాడట. ఎగిరి గంతేశాడు. గుమాస్తాగారు ఎక్కారు, పళ్ళు పెట్టుకుని కూడా తగ్గారు. ఓనరు ఎక్కాడు. అయిదు కిలోలు తగ్గానని ఇంటికి ఫోను చేసి చెప్పి, ఆ రోజు భోజనం రెండుసార్లు చేశాడు. అప్పుడైనా నాకు అనుమానం రావాలి. రాలేదు, ఎందుకంటే నేనూ ఎక్కాను. నాలుగు కిలోలు తగ్గాను వదినా. కొత్త బట్టలు కుట్టించుకోవాలి అనుకున్నాను గానీ కాటా తప్పేమో అనుకోలేదు.

నిన్న ఒకే పెట్టెని మన కాటా మీదా, ఆ మాట్లాడే మిషను మీదా పెట్టి చూశాను. తేడా ఉంది. మనదే తక్కువ చెబుతోంది. నాకు మతిపోయింది. అమ్మ నాలుగు కిలోలు తగ్గిన మాట నిజం. నువ్వు అమ్మతో బిగించిన మాట నిజం. నేను సరిచేసిన మాట నిజం. ఇన్ని నిజాలు చేస్తే కాటా అబద్ధం ఎందుకాడుతోంది?

బుధవారం ఓనరు అందరి ముందూ రెండు మిషన్లనీ పోల్చి చూస్తాడట, టై బాబు కూడా వస్తాడు. నన్ను తిట్టు, కానీ ఏం చెయ్యాలో తొందరగా చెప్పు.

నీ తెలివితక్కువ మరదలు


కాటాల షెడ్డు
సోమవారం (లారీ డ్రైవరు చేతికిస్తున్నాను, పోస్టుని నమ్మలేను)

నాన్న కూతురా,

ముందు ఆ గుండు తెరువు. సబ్బు కాగితంలో చుట్టింది నీ సీసం, అది తీసి పారెయ్యి. చుట్టనిది నాది, దాన్ని ముట్టుకున్నావంటే నీకూ నాకూ మాటల్లేవు. ఇది చదవగానే వెళ్ళు. మిగతాది తర్వాత చదువు.

వెళ్ళొచ్చావా? సరే విను.

నీ ఉత్తరం చదివి తిన్నగా అత్తయ్య దగ్గరికి వెళ్ళాను. ఆవిడ అప్పుడే షెడ్డులోకి వచ్చారు, గలగలమంటూ. సోమవారం కదా. "అత్తయ్యా, ఆ తాళంచెవులు ఒకసారి చూపిస్తారా?" అన్నాను. వెనక్కి జరిగారు. నేను ముందుకి జరిగాను. బల్ల చుట్టూ రెండు చుట్లు తిరిగాం. మోకాళ్ళ నొప్పులావిడ నాకంటే వేగంగా తిరిగారు. మూడో చుట్టులో నడుముకి కట్టుకున్న గుడ్డసంచి ముడి ఊడి కిందపడింది. బోల్టులు! నా బోల్టులే! మీ అన్నయ్య "ఎలక దొరికింది" అని అరిచారు.

తగ్గిన బరువంతా ఆవిడ బోల్టులతో నింపారు. ప్రతి సోమవారం మేం లేవకముందే షెడ్డులోకొచ్చి, మీ నాన్నగారి కాటా ఎక్కి, డెబ్బై నాలుగు వచ్చేదాకా సంచిలో ఒక్కొక్క బోల్టూ వేసుకునేవారట. ఆఖర్న చిన్న నట్టు ఒకటి వేసి సరిచేసేవారట. నేను అత్తయ్యని కూర్చోబెట్టిన రోజూ అలాగే చేశారట, కాబట్టి ఆ రోజు కాటా ఎక్కింది అసలైన డెబ్బై నాలుగే. నా కాటా నిప్పే. సరిగ్గా ఉన్నదాన్ని సరిచేసి తగలెట్టింది నువ్వు. మీ ఇద్దరూ ఇద్దరే. ఒకరు నిజం దాచడానికి నిజమే తూచారు, ఇంకొకరు ఒట్టు తప్పకుండా నా కొంప ముంచారు.

ఎందుకు చేశారని అడిగితే కిందపడ్డ బోల్టులు ఏరుకున్నారు. తర్వాత ఆ గోడ మీది ఎర్ర అంకె చూపించి "మీ మామయ్య రాసింది. నేనే మారిపోతే ఇంక ఈ షెడ్డులో నన్నెవరు ఎక్కించుకుంటారు?" అన్నారు. ఆ సంచి నడుముకి కట్టుకునే అన్నిసార్లు ఎక్కి దిగారు చూశావా. నాకు కోపమొచ్చింది, ఏడుపొచ్చింది, రెండూ ఒకేసారి వచ్చేసరికి బయటికెళ్ళి నిలబడ్డాను.

ముద్ర రాళ్ళు ఇవాళే వచ్చాయి. వాటినిచ్చి మీ అన్నయ్యని పంపుతున్నాను. అత్తయ్య కూడా వస్తానంటున్నారు. "నా వల్ల వచ్చిన గొడవ, నేనే వెళ్ళి సాక్ష్యం చెబుతా" అంటున్నారు. సంచి వదలడం లేదు. నేను రాలేను, బల్ల మీంచి దిగితే ఫ్రిజ్జు వస్తుంది.

నీ వదిన


మా ఇల్లు, ముందుగది
బుధవారం సాయంత్రం

వదినా,

ముందు నీ ప్రాణం కుదుటపడేలా చెబుతాను. గెలిచాం. అయిదూ రేపు లారీ ఎక్కుతాయి. ఇప్పుడు బల్ల దిగి అన్నం తిను.

ఎలా గెలిచామో చెబితే నీకు అంత గర్వంగా ఉండకపోవచ్చు. నీ ఉత్తరం అందగానే సబ్బు కాగితం తీసేశాను. పొద్దున అన్నయ్య ముద్ర రాళ్ళు పెట్టాడు, నాలుగు మూలలా, ఒకటీ, రెండూ, అన్నీ. దండె కదల్లేదు. టై బాబు అవే రాళ్ళు తన మిషను మీద పెట్టాడు. అది కూడా ఒక్క చుక్క తప్పలేదు, పైగా ప్రతి రాయికీ ధన్యవాదములు చెప్పింది. రెండూ సమానమే. "సమానమైనప్పుడు మాట్లాడేదే మేలు కదండీ" అన్నాడు టై బాబు. ఓనరు తలూపాడు. నేను నా తాళాలు తడుముకున్నాను.

గెలిచిన ఉషారులో ఆయన అమ్మని చూసి "పెద్దావిడ, మీరు రండి, మా మిషను మాట వినండి" అన్నాడు. అమ్మ సంచి నా చేతికిచ్చి ఎక్కింది. "డెబ్బై కిలోలు, ధన్యవాదములు, మళ్ళీ రండి!" ఫ్యాక్టరీ అంతా వినపడింది. అమ్మ మొహం మాడిపోయింది. "నిన్నెవరడిగారే? ఆడదాని బరువు వీధిలో చాటుతావా? పెంపకం లేని మిషనూ!" అని దాన్ని చేతి గొడుగుతో ఒక్కటిచ్చింది. "సున్నా కిలోలు, ధన్యవాదములు" అంది అది.

టై బాబు కంగారుపడి "సార్, మీరైనా రండి" అని ఓనరుని ఎక్కించాడు. అదీ ఆయన చేసిన తప్పు. ఓనరు భార్య కూడా అక్కడే ఉంది వదినా, మొగుడు చిక్కాడని చూసుకుందామని వచ్చింది. "తొంభై ఆరు కిలోలు, ధన్యవాదములు, మళ్ళీ రండి!" ప్యాకింగు ఆడవాళ్ళు నవ్వాపుకోలేక పెట్టెల వెనక్కి పోయారు. ఆవిడ "తొంభయ్యన్నారు?" అంది. ఆయన దిగి, తిన్నగా మన ఆకుపచ్చ కాటా దగ్గరికి వెళ్ళి ఎక్కాడు. గుండు తనే మెల్లగా జరుపుకున్నాడు, వంగి తనే చూసుకున్నాడు, మళ్ళీ గుండు సున్నాకి జరిపేసి దిగాడు. "ఎంతండీ?" అంది భార్య. "సరిగ్గానే ఉంది" అన్నాడు. తర్వాత టై బాబుతో "నాకు తూకం కావాలి, దండోరా అక్కర్లేదు. మీ మిషను తీసుకెళ్ళండి" అన్నాడు.

అదీ సంగతి. ఓనరుకి ఎక్కువగా పోయిన సబ్బుల గురించి కూడా నేనే చెప్పేశాను. "దుకాణాలవాళ్ళు ఎన్నడూ అంత మర్యాదగా ఉత్తరాలు రాయలేదు, పోనీలే" అన్నాడు. నూనెవాళ్ళకి మాత్రం నేనే స్వయంగా వెళ్ళి క్షమాపణ చెప్పి రావాలట, గుమాస్తాగారిని తోడు తీసుకెళ్ళమన్నాడు. ఆయనకిప్పుడు క్షమాపణలు బాగా అలవాటయ్యాయి.

ఇక అమ్మ. అన్నయ్య రేపు లారీలో వచ్చేస్తాడు గానీ అమ్మ రానంటోంది. సంచి ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. "ముద్ర రాళ్ళు వచ్చేశాయి, పని వచ్చింది, నా బరువు తప్పని ఊరంతా తెలిసింది. ఇంక మీ వదినకి నాతో ఏం పని? ఇక్కడే ఉండిపోతాలే" అంటోంది. నేను నవ్వించబోతే నవ్వలేదు. వదినా, ఆవిడకి ఏం చెప్పాలో నువ్వే చెప్పు.

నీ మరదలు


కాటాల షెడ్డు, మామయ్యగారి బల్ల
శుక్రవారం

మరదలా,

అయిదు కాటాలూ దిగాయి. మీ అన్నయ్య టేపు నాకిచ్చేసి రంగు డబ్బాలు తెచ్చుకున్నారు. ఒకదాని మీద పువ్వుకి ఒప్పుకున్నాను.

ఈ కింది ముక్క నీకు కాదు. అత్తయ్యకి చదివి వినిపించు. ఆవిడ ఫోను స్పీకరు పెట్టినంత గట్టిగా చదువు, పక్కింటివాళ్ళు విన్నా సరే.

అత్తయ్యా, మామయ్యగారు పోయే ముందు నన్ను పిలిచి అన్న మాట మీకెప్పుడూ చెప్పలేదు. "కాటాకి మీ అత్తయ్య అక్కర్లేదమ్మా, నా దగ్గర ముద్ర రాళ్ళున్నాయి. కానీ ఆవిడ జ్వరమొచ్చినా చెప్పదు, నొప్పొచ్చినా చెప్పదు, అడిగితే తిడుతుంది. అందుకే పనుందని చెప్పి వారానికోసారి కాటా ఎక్కించేవాణ్ణి. ఆ అంకె కదిలిందంటే ఒంట్లో ఏదో ఉన్నట్టు. నువ్వు సోమవారం మానకు" అన్నారు. నేను మానలేదు. ఇన్నాళ్ళూ మీరు కాటాని పరీక్షిస్తున్నాననుకున్నారు. నేను మిమ్మల్ని చూసుకుంటున్నాను. మీరేమో బోల్టులు కట్టుకుని నన్ను మోసం చేశారు. నిజంగా ఏ జబ్బో వచ్చి చిక్కిపోతుంటే నాకెలా తెలిసేది? నాకు కోపం వచ్చింది దానికి. మీ నాలుగు కిలోలకి కాదు.

ఆ గోడ మీద డెబ్బై నాలుగు పక్కన ఇవాళ నేను సుద్దతో డెబ్బై అని రాశాను. సుద్దతోనే రాశాను, మళ్ళీ చెరిపి రాసుకోవచ్చని.

మరదలా, సోమవారానికల్లా అత్తయ్యని బస్సెక్కించు. బోల్టులు విడిగా పార్సిలు చేసి పంపు, అయిదు కాటాలకి నాకవి కావాలి. ఆవిడని మాత్రం ఎంతుంటే అంతే పంపు.

నీ వదిన